సియాటిల్ చుట్టుపక్కల ఫాల్ సాల్మన్: ఫ్లై ఫిషింగ్ ఎలా మొదలుపెట్టాలి

సెప్టెంబరు మధ్యకొచ్చేసరికి ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయ నుంచి నదుల్లోకి కోహో సాల్మన్ ఎక్కడం మొదలవుతుంది. మన్రో ఊళ్ళో వంతెన మీదుగా వెళ్తూ కిందకి చూస్తే, వేడర్లు (నీళ్ళు లోపలికి రాని పొడవాటి ప్యాంట్లు) వేసుకుని తొడల లోతు నీళ్ళలో వరసగా నిలబడ్డ మనుషులు కనిపిస్తారు. వాళ్ళలో కొందరు చేసేది ఫ్లై ఫిషింగ్, అంటే ఎరకి బదులు ఈకలూ దారాలూ చుట్టిన హుక్‌ని (ఫ్లై) బరువైన లైన్ సాయంతో విసిరి చేప పట్టడం. ఆ వరసలో మీరూ నిలబడాలనుకుంటే ఏమేం చేయాలో ఇక్కడ చెబుతాను. నేను చెప్పేది ముఖ్యంగా స్కైకోమిష్, స్నోక్వాల్మీ, ఆ రెండూ మన్రో దగ్గర కలిస్తే ఏర్పడే స్నోహోమిష్ నదుల గురించి. రెడ్మండ్, బాతెల్, సమామిష్ వైపు ఉండేవాళ్ళకి ఇవి పొద్దున్నే లేచి వెళ్ళి మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేయగల దూరంలోనే ఉన్నాయి.

కొత్తవాళ్ళు డబ్బంతా రాడ్ మీద పెడతారు. టెన్షనంతా ఎంత దూరం విసరగలం అన్నదాని మీద పెట్టుకుంటారు. ఫాల్‌లో మాత్రం చేప పడేదీ లేనిదీ చాలావరకు మీరు ఏ రోజు వెళ్ళారు, ఆ రోజు నీటిమట్టం ఎలా ఉంది అన్నదగ్గరే తేలిపోతుంది. అందుకే సామాను గురించి త్వరగా ముగించి, నీళ్ళ గురించి కాస్త ఎక్కువ చెబుతాను.

ముందు చేపని చూడండి

ఏమీ కొనకముందే ఒక శనివారం ఇసాక్వా హ్యాచరీకి (చేపపిల్లల్ని పెంచి వదిలే కేంద్రం) వెళ్ళండి. సెప్టెంబరు, అక్టోబరుల్లో అక్కడి క్రీక్‌లో చేపలు ఎదురీదుతూ వస్తాయి, ఒడ్డునే నిలబడి చూడొచ్చు. అక్టోబరు మొదటి వారాంతంలో అక్కడ జరిగే సాల్మన్ డేస్ పండగకి మనవాళ్ళు పిల్లల్ని తీసుకుని ఎలాగూ వెళ్తారు. పడవలు దాటే నీటి గేట్లున్న బాలార్డ్ లాక్స్‌లోనైతే, చేపలు ఎక్కే మెట్లకి గాజు కిటికీలు పెట్టారు, చేప పక్కభాగం మొత్తం కళ్ళ ముందే కనిపిస్తుంది. అక్కడ నిలబడి నేర్చుకోవాల్సినవి కొన్నున్నాయి.

కోహోకి తోక పై సగంలోనే నల్లచుక్కలుంటాయి, కింది పళ్ళ చిగురు తెల్లగా ఉంటుంది. కింగ్ అనే చినూక్‌కి తోకంతా చుక్కలే, చిగురు నలుపు. ప్యూజెట్ సౌండ్ చినూక్‌ని 1999లో ఫెడరల్ చట్టం కింద ముప్పులో ఉన్న జాతిగా ప్రకటించారు. కాబట్టి ఈ తేడా తెలియకుండా నదిలోకి దిగితే జరిమానా దాకా పోవచ్చు. చమ్ అనే ఇంకో సాల్మన్‌కి ఒంటి మీద నిలువుగా ఊదారంగు చారలుంటాయి. పింక్ చిన్నది, మగచేపకి వీపు మీద గూని వస్తుంది. ఇది మన దగ్గర బేసి సంవత్సరాల్లోనే పెద్ద సంఖ్యలో వస్తుంది, 2025లో వచ్చింది కాబట్టి మళ్ళీ 2027లోనే.

ఇంకోటి, వీపు రెక్కకీ తోకకీ మధ్య ఉండే బుడిపెలాంటి చిన్న రెక్క. దాన్ని ఎడిపోజ్ అంటారు. హ్యాచరీలో పెంచిన చేపలకి పిల్లగా ఉన్నప్పుడే దాన్ని కత్తిరించేస్తారు. అది ఉంటే సాధారణంగా అడవి చేప, లేకుండా నున్నగా మానిన మచ్చ ఉంటే హ్యాచరీ చేప. ఇంటికి ఏది తీసుకెళ్ళొచ్చు, ఏది వదిలేయాలి అన్నది చాలా చోట్ల ఈ ఒక్క రెక్కని బట్టే ఉంటుంది.

మన గోదావరి పులస కూడా వరదనీటికి ఎదురెక్కే సముద్రపు చేపే కాబట్టి ఈ ప్రయాణం మనకి కొత్తేమీ కాదు. కాకపోతే కోహో, చినూక్, చమ్, పింక్ జాతుల్లో ఎదురెక్కిన ప్రతి చేపా గుడ్లు పెట్టాక చచ్చిపోతుంది. నదిలోకి వచ్చాక తిండి కూడా మానేస్తుంది. మరి ఫ్లైని ఎందుకు కరుస్తుంది? చిరాకుతోనో, పాత అలవాటు కొద్దో, తన చోటులోకి ఏదో వచ్చిందన్న కోపంతోనో కరుస్తుందని అంటారు. కారణం ఏదైనా ఆకలి మాత్రం కాదు. ఇది గుర్తుంటే, ముందు వంద చేపలు ఎగురుతున్నా ఒక్కటీ కరవని రోజున మీకు పిచ్చెక్కదు.

కాగితాలు

వాషింగ్టన్ రాష్ట్రంలో లైసెన్సులిచ్చేది డిపార్ట్‌మెంట్ ఆఫ్ ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్. ఫ్రెష్‌వాటర్ లైసెన్స్ కొనాలి. రాష్ట్రంలో కనీసం 90 రోజులుగా స్థిరంగా ఉంటున్నవాళ్ళకి రెసిడెంట్ రేటు వర్తిస్తుంది. లైసెన్స్‌తోపాటు సాల్మన్‌కి క్యాచ్ రికార్డ్ కార్డ్ తీసుకోవాలి, పిల్లలు పట్టినా వాళ్ళ పేరున కార్డు ఉండాల్సిందే. చేపని ఉంచుకోవాలనుకున్న క్షణమే, మళ్ళీ గాలం వేయకముందే, కార్డులో రాయాలి. సీజన్ అయ్యాక ఒక్క చేప పడకపోయినా ఏప్రిల్ 30 లోపు కార్డు వివరాలు పంపించాలి. లైసెన్స్‌తో వచ్చే వెహికల్ యాక్సెస్ పాస్‌ని కారు అద్దం దగ్గర పెట్టడం మర్చిపోకండి, ఆ శాఖ పార్కింగ్ స్థలాల్లో అది లేకపోతే టికెట్ పడుతుంది.

ఏ నది ఎప్పుడు తెరుస్తారన్నది ప్రతి వసంతంలో రాష్ట్రమూ, స్థానిక ఆదివాసీ తెగలూ కూర్చుని నిర్ణయిస్తారు. చేపలు తక్కువొస్తే మధ్యలోనే మూసేస్తారు కూడా. కాబట్టి నిరుడు తెరిచి ఉంది కదా అని వెళ్ళిపోవద్దు. ఆ శాఖ వాళ్ళ ఫిష్ వాషింగ్టన్ యాప్‌లో బయల్దేరే రోజు పొద్దున చూసుకోండి. ఒకే నదిలో ఒక వంతెన నుంచి ఇంకో వంతెన దాకా ఒక రూలు, అది దాటితే వేరే రూలు ఉంటుంది.

నదిలో కొన్నిచోట్ల తెగలవాళ్ళు అడ్డంగా వేసిన వలలు కనిపించొచ్చు. ఒడ్డున నిలబడి దాని మీద సణిగేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు, మీరు ఆ గుంపులో చేరకండి. తెగలు 1850ల్లో అమెరికా ప్రభుత్వంతో చేసుకున్న ఒప్పందాల ప్రకారం పట్టదగిన చేపల్లో సగం తెగలదేనని 1974లో జడ్జి జార్జ్ బోల్ట్ తీర్పిచ్చారు. ఆ సగం వాళ్ళ హక్కు. హ్యాచరీలు నడిపేవాళ్ళలో కూడా తెగలవాళ్ళు చాలామంది ఉన్నారు.

సామాను

9 అడుగుల 8 వెయిట్ రాడ్ తీసుకోండి (ఆ అంకె రాడ్‌కి సరిపోయే లైన్ బరువుని చెబుతుంది). డ్రాగ్ (చేప లాగినప్పుడు పట్టే బ్రేకు) బిగించుకునే రీల్, దానిలో లైన్‌కి అడుగున వంద గజాల బ్యాకింగ్ అనే సన్నటి దారం ఉండాలి. రాడ్, రీల్, లైన్ కలిపి అమ్మే కిట్ మొదటి రెండేళ్ళకి బాగానే సరిపోతుంది. పన్నెండు పదమూడడుగుల రెండు చేతుల స్పే రాడ్లు చూడ్డానికి గొప్పగా ఉంటాయి, ఇప్పుడే వాటి జోలికి వెళ్ళకండి.

డబ్బు పెట్టదగింది లైన్ మీద. కిట్‌లో వచ్చే తేలే లైన్‌కి తోడు కొన మాత్రం మునిగే సింక్ టిప్ ఒకటి కావాలి. సెకనుకి ఆరంగుళాలు మునిగేదాన్ని టైప్ 6 అంటారు, మూడంగుళాలైతే టైప్ 3. ఫాల్‌కి ఒకటే కొనాలంటే టైప్ 3 చాలు. దాని చివర నాలుగడుగుల లీడర్ (లైన్‌కీ ఫ్లైకీ మధ్య ఉండే సన్నటి దారం) కట్టండి, 12 పౌండ్ల నైలాన్ అయితే సరి. తేలే లైన్‌కైతే తొమ్మిదడుగుల లీడర్.

ఫ్లైలు డబ్బాలకొద్దీ కొనాల్సిన పనిలేదు. పూసల కళ్ళున్న కామెట్, ఎగ్ సకింగ్ లీచ్, వెండి మెరుపున్న చిన్న మడ్లర్, ఈ మూడూ తలా నాలుగు ఉంటే సీజన్ నడుస్తుంది. రంగులు: నీళ్ళు కాస్త మసకగా ఉంటే చిలకపచ్చ, నలుపు-నీలం, తేటగా ఉంటే చిన్నవి, ముదురువి. చమ్‌కి, పింక్‌కి గులాబీరంగు. హుక్ సైజు 2 నుంచి 6 మధ్య. చాలాచోట్ల బార్బ్ (హుక్ కొన దగ్గర వెనక్కి తిరిగిన ముల్లు) లేని ఒంటి హుక్కే వాడాలని రూలు. రూలు లేని చోట కూడా పట్టకారుతో బార్బ్ నొక్కేయండి, చేప నోటికీ మీ వేలికీ రెండిటికీ మంచిది.

వేడర్లకి నడుం బెల్టు తప్పనిసరి. పోలరైజ్డ్ కళ్ళద్దాలు లేకపోతే నీళ్ళ అడుగు కనిపించదు, పైగా గాలికి తిరిగొచ్చే హుక్ నుంచి కళ్ళని కాపాడేది కూడా అవే.

గడ్డి మీద పది రోజులు

నదికి వెళ్ళేముందు ఏదైనా పార్కులో గడ్డి మీద విసరడం నేర్చుకోండి. హుక్‌కి బదులు ఎర్రటి ఉన్ని దారం ముక్క కట్టండి. రోజుకి పావుగంట చాలు.

బొటనవేలు రాడ్ పిడి పైన ఉంచి పట్టుకోండి. లైన్‌ని ముందు చాచి నేల మీద పరిచి, రాడ్ కొన కిందకి దించండి. మెల్లగా మొదలుపెట్టి, వేగం పెంచుతూ వెనక్కి లేపి, చెయ్యి చెవి పక్కకి రాగానే టక్కున ఆపండి. ఆగాలి. వెనక లైన్ పూర్తిగా విచ్చుకునే దాకా ఆగాలి, మెడ తిప్పి చూసినా తప్పులేదు. అప్పుడు అదే తీరులో ముందుకి తెచ్చి కళ్ళ ఎత్తులో మళ్ళీ ఆపండి. తడి చీర ఆరేసేముందు దులుపుతాం కదా, చెయ్యి ఒక్కసారి ఆపితేనే ఆ విదిలింపు చివరి అంచు దాకా పోతుంది. ఇక్కడ పనంతా ఆ ఆపడంలోనే ఉంది. బలంగా ఊపేసేవాళ్ళ లైన్ కుప్పగా కూలుతుంది. ఈ విషయంలో క్రికెట్ బాగా ఆడేవాళ్ళకి మణికట్టు అదుపులో పెట్టుకోవడం కష్టమవుతుంది, ఎందుకో ఊహించుకోవచ్చు.

నది ఒడ్డున మీ వెనక చెట్లుంటాయి. అందుకని రోల్ కాస్ట్ నేర్చుకోక తప్పదు. లైన్‌ని నీటి మీదే మెల్లగా దగ్గరికి లాగి, మీ భుజం పక్కన వేలాడనిచ్చి, ముందుకి సుత్తితో కొట్టినట్టు విదల్చాలి. ఇది గడ్డి మీద సరిగా రాదు, నీళ్ళు లైన్‌ని కాస్త పట్టుకోవాలి. లేక్ సమామిష్ ఒడ్డునో, గ్రీన్ లేక్ దగ్గరో సాధన చేయండి. నలభై అడుగులు తిన్నగా వేయగలిగితే బయల్దేరవచ్చు. కోహోలు ఎక్కువగా పట్టుబడేది ఆ దూరంలోనే.

ఏ రోజు వెళ్ళాలి

ఈ భాగాన్ని రెండుసార్లు చదవండి.

శ్రీశైలం గేట్లెత్తిన రోజుల్లో వార్తల్లో వినే క్యూసెక్కులు ఇక్కడా అవే. అమెరికా ప్రభుత్వ భూగర్భ సర్వే సంస్థ యూఎస్‌జీఎస్ నదుల్లో కొలమానాలు పెట్టి ప్రవాహాన్ని సెకనుకి ఎన్ని ఘనపుటడుగులో రోజంతా ఆన్‌లైన్‌లో చూపిస్తుంది. స్కైకోమిష్‌కి గోల్డ్ బార్ దగ్గరిది, స్నోక్వాల్మీకి కార్నేషన్ దగ్గరిది, స్నోహోమిష్‌కి మన్రో దగ్గరిది ఫోన్‌లో సేవ్ చేసుకోండి.

గోల్డ్ బార్ దగ్గర వానల్లేని సెప్టెంబరులో ప్రవాహం వెయ్యి క్యూసెక్కుల లోపుకి పడిపోతుంటుంది. నీళ్ళు అద్దంలా ఉంటాయి, చేపలు మిమ్మల్ని చూస్తాయి, లోతైన మడుగుల్లో కదలకుండా కూర్చుంటాయి. నవంబరు తుపాన్లలో ఇదే నది యాభై వేలు దాటిన సంవత్సరాలున్నాయి. అప్పుడు ఒడ్డు దగ్గరికి కూడా వెళ్ళకూడదు. మీకు కావాల్సింది ఈ రెండిటికీ మధ్యలో ఒక చిన్న అవకాశం. వాన పడి, నది పెరిగి, బురద తేలి, మళ్ళీ తగ్గడం మొదలైన రెండో రోజో మూడో రోజో వెళ్ళాలి. గ్రాఫ్‌లో గీత పైకి పోతుంటే ఇంట్లో పడుకోండి, కిందకి దిగుతుంటే అలారం పెట్టుకోండి. స్కైకోమిష్‌లో రెండు వేల నుంచి నాలుగు వేల మధ్య, తగ్గుతున్న నీరు నాకు ఇష్టం. ఒడ్డున మోకాలి లోతులో నిలబడితే మీ బూట్లు లేతపచ్చగా, మసకగా కనిపించాలి. బూట్లు అసలు కనిపించకపోతే ఆ రోజు వదిలేయండి.

పెరిగిన నీటితోపాటు కొత్త చేపలు సముద్రం నుంచి ఎక్కుతాయి. కొత్తగా వచ్చినవే బాగా కరుస్తాయి, వారం రోజులుగా ఒకే మడుగులో కూర్చున్న కోహో నోరు తెరవదు. వాటిలో కూడా తెల్లవారిన మొదటి గంటలో కరిచేవి ఎక్కువ. కాబట్టి చీకటుండగానే పార్కింగ్‌లో ఉండండి, కానీ గాలం వేసేముందు అక్కడ రాత్రి నిషేధం ఉందేమో, ఉంటే ఎన్ని గంటలకి ముగుస్తుందో చూసుకోండి.

అదే మొదటి వాన సియాటిల్ నగరంలోని చిన్న క్రీకుల్లో కోహోల ప్రాణం తీస్తుంది. కారు టైర్లలో కలిపే ఒక రసాయనం మారి ఏర్పడే పదార్థం రోడ్ల మీది నీటితో క్రీకుల్లో కలిసి, గుడ్లు పెట్టకముందే వాటిని చంపేస్తోందని 2020 డిసెంబరులో పరిశోధకులు ప్రకటించారు. అంతకుముందు ఇరవై ఏళ్ళుగా ఎందుకు చస్తున్నాయో ఎవరికీ అంతుపట్టలేదు.

ఎక్కడ నిలబడాలి

స్కైకోమిష్ హ్యాచరీ కోహోల్లో చాలా భాగం స్టార్టప్ ఊరి దగ్గరున్న వాలెస్ నది హ్యాచరీకి తిరిగొచ్చేవే. కాబట్టి మన్రో నుంచి సుల్తాన్ దాకా ఉన్న భాగంలో అవి దారిలో ఆగే చోట్లు వెతకండి. స్నోక్వాల్మీలో కార్నేషన్, డువాల్ దగ్గర నది నెమ్మదిగా పారుతుంది. అమ్మానాన్న ఇండియా నుంచి వస్తే తీసుకెళ్ళే స్నోక్వాల్మీ జలపాతం 268 అడుగుల ఎత్తు. దానికి పైన సాల్మన్ ఉండదు, అక్కడ గాలం వేసి లాభం లేదు.

కోహోకి వేగం నచ్చదు. ప్రధాన ప్రవాహం పక్కన, నడిచేవాడి వేగంతోనో అంతకన్నా మెల్లగానో కదిలే నీళ్ళు చూడండి. పడిపోయిన దుంగల నీడ, రెండు పాయలు కలిసే మూల, లోతు మడుగు చివర నీళ్ళు మళ్ళీ పలచబడే చోటు. ఒడ్డున అయిదు నిమిషాలు ఊరికే నిలబడితే చేప వీపు బొరక్కుమని పైకి తేలి మునగడం కనిపిస్తుంది. మెల్లగా తేలేవి కరుస్తాయి. గాల్లోకి మూడేసి అడుగులు ఎగిరేవాటి వెంట పడి చాలామంది ఉదయమంతా పోగొట్టుకుంటారు.

అప్పటికే ఎవరైనా ఉంటే, వాళ్ళకి ఎగువన దూరంగా, పలకరించి దిగండి. అందరూ ఒక్కో విసురుకి రెండడుగుల చొప్పున దిగువకి జరుగుతూ పోతారు. ఒకరి ముందు దిగువన దూరడం ఇక్కడ పెద్ద తప్పు. సెప్టెంబరు చివర నుంచి పలచటి నీళ్ళలో గులకరాళ్ళు కొత్తగా కడిగినట్టు లేతరంగులో కనిపించే మచ్చలుంటాయి. అవి గుడ్లు పెట్టిన గుంటలు, వాటి మీద కాలు పెట్టకండి, వాటి మీదున్న చేపల్ని పట్టకండి.

మొదటి ఏడాది మోకాలికి పైన నీళ్ళలోకి వెళ్ళకండి. ప్రవాహానికి పక్కవాటుగా నిలబడి, ఒక పాదం కుదిరాకే రెండోది కదపండి. పడిపోతే లేచి నిలబడాలని చూడొద్దు, వెల్లకిలా తేలి, పాదాలు దిగువకి పెట్టి, ఒడ్డు వైపు చేతులతో తోసుకోండి.

ఫ్లైని నడిపించడం

కదిలే నీటిలో అయితే అవతలి ఒడ్డుకి తిన్నగా కాకుండా దిగువకి ఏటవాలుగా, నలభై అయిదు డిగ్రీల్లో వేయండి. పడగానే రాడ్‌తో లైన్ మధ్యభాగాన్ని ఎత్తి ఎగువకి పెట్టండి, దీన్నే మెండ్ అంటారు. దానివల్ల ఫ్లై మునగడానికి టైం దొరుకుతుంది. ఆ తర్వాత ఏమీ చేయకుండా రాడ్ కొనతో లైన్‌ని అనుసరించండి. ఫ్లై నదిని అడ్డంగా కోస్తూ మీ ఒడ్డుకి వస్తుంది. మీకు సూటిగా దిగువకి వచ్చాక అక్కడే కొన్ని క్షణాలు వేలాడనివ్వండి. చాలా చేపలు ఆ వేలాడే సమయంలోనే కరుస్తాయి, కొత్తవాళ్ళు సరిగ్గా అప్పుడే లాగేసుకుంటారు.

నిలవ నీళ్ళలో పద్ధతి వేరు. వేసి, మనసులో అయిదు లెక్కపెట్టి, ఎడమచేత్తో లైన్‌ని నాలుగంగుళాల చిన్న చిన్న గుంజులతో లాగండి. రెండు గుంజులు, ఒక విరామం, మళ్ళీ మూడు గుంజులు. ఒకే లయలో లాగితే కోహో వెంటొచ్చి చూసి వెనక్కి పోతుంది. తర్వాతి విసురుకి ఎనిమిది లెక్కపెట్టండి, ఆ తర్వాత పన్నెండు. హుక్‌కి ఆకో నాచో తగిలేదాకా లోతు పెంచి, అక్కణ్ణుంచి ఒక అంకె తగ్గించుకోండి. అదే మీ లోతు.

లైన్‌ని ఎప్పుడూ కుడిచేతి చూపుడువేలి కింద పట్టి ఉంచండి. కరిచినప్పుడు పెద్ద కుదుపు ఉంటుందనుకుంటాం, చాలాసార్లు అలా ఉండదు. లైన్ బరువెక్కుతుంది, తడిగుడ్డ తగిలినట్టుంటుంది, అంతే. అప్పుడు రాడ్‌ని పైకెత్తకుండా ఎడమచేత్తో లైన్‌ని గట్టిగా వెనక్కి గుంజండి. హుక్ దిగాక రాడ్‌ని పక్కకి వంచి పట్టుకోండి.

పడ్డాక

చేప పరిగెత్తితే పోనివ్వండి, వేళ్ళు రీల్ పిడి నుంచి తీసేయండి. చేప తల కాకుండా తోక వైపు నుంచి లాగుతున్నట్టనిపిస్తే హుక్ ఒంటికి గుచ్చుకుందని అర్థం. అలా పట్టిన చేపని ఉంచుకోకూడదు, లైన్ వదులుచేసి విడిపించుకోనివ్వండి.

ముడిలేని వల ఉంటే దానిలోకి తల ముందుగా తీసుకోండి. నీళ్ళలోనే ఉంచి ముందు ఎడిపోజ్ చూడండి, తర్వాత చిగురు. వదిలేయాల్సిన సాల్మన్‌ని ఈ రాష్ట్రపు నదుల్లో పూర్తిగా నీళ్ళ పైకి ఎత్తడం రూలుకి విరుద్ధం. కాబట్టి ఫోటో కావాలన్నా నీళ్ళలో ఉండగానే.

హ్యాచరీ చేపే అయినా ఒంటి రంగు చూడండి. వెండిలా మెరుస్తూ, పట్టుకుంటే పొలుసులు చేతికంటుకునేదైతే కొత్తది. తోక దగ్గర సముద్రపు పేలు ఉన్నాయంటే సముద్రం వదిలి ఎంతో సేపు కాలేదు. ఎర్రబడి, దవడ కొక్కెంలా వంగిన చేప మాంసం పాలిపోయి మెత్తగా ఉంటుంది, దాన్ని ఉంచుకోకండి. ఉంచుకునేదానికి తల మీద కర్రతో ఒక్క గట్టి దెబ్బ, వెంటనే మొప్పలు కోసి నీళ్ళలో రెండు నిమిషాలు రక్తం పోనిచ్చి, కార్డులో రాసి, ఐస్‌లో పెట్టండి. రక్తం తీయని చేపకి ఎంత చింతపండు పోసినా నీచు పోదు.

పులుసుకి కోహో బాగుంటుంది, కానీ మన చేపల కంటే త్వరగా విడిపోతుంది. చర్మం తీయకుండా రెండంగుళాల మందాన ముక్కలు కోయండి. పులుసు బాగా మరిగి నూనె తేలాక ఆఖర్న ముక్కలు వేసి, ఏడెనిమిది నిమిషాలకి మించి ఉంచకండి. గరిట పెట్టకుండా గిన్నెని గుడ్డతో పట్టుకుని తిప్పాలి. జన ఉంటే ఉప్పు, పసుపు, కారం పట్టించి విడిగా వేయించుకోవచ్చు. కోహో గుడ్లు బఠాణీలంత ఉంటాయి, నూనెలో చిట్లి ముఖం మీదకి ఎగురుతాయి, మూత పెట్టి సన్నసెగ మీద వేయించండి.